లాబీ అంటే సూట్‌కేసేనా? అమెరికా ఒత్తిడి బృందాలపై పాఠకుల ప్రశ్నలు

పత్తి దిగుమతి సుంకం ఎత్తేసిన దగ్గర్నుంచి, హెచ్-1బి గొడవలు ముదిరిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో 'అమెరికా లాబీ' అన్న మాట తరచూ కనిపిస్తోంది. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, ఏడింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. పరిమితులు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి అవసరమైన చోట ఏ ఏడాది లెక్కో చెప్పాం.

ప్రశ్న: 'ఒత్తిడి బృందాలు ఎన్నికల్లో పోటీ చేయవు, అధికారంలో ఉన్నవారిని ప్రభావితం చేస్తాయి' అని మా పుస్తకాల్లో ఉంది. అమెరికాలో లాబీయింగ్ చట్టబద్ధం అంటారు. మరి అది లంచం కాదా?
– గ్రూప్స్ అభ్యర్థి, మహబూబ్‌నగర్

జవాబు: ముందు పుస్తకం సంగతి. దానికి మినహాయింపు ఒకప్పటి మీ పక్క జిల్లాలోనే ఉంది. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి తెలియాలని జలసాధన సమితి పిలుపిస్తే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. బరిలో మిగిలినవాళ్లే 480 మంది. గెలుస్తామని ఎవరూ అనుకోలేదు, ఎన్నికనే అర్జీగా మార్చారు. ఆ ఏడాదే జనరల్ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయండి.

ఇక లంచం. డబ్బు తీసుకుని ఓటు వేస్తే అక్కడా నేరమే. లాబీయింగ్‌కు ఆధారం వేరు. 1791లో అమల్లోకి వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ వాక్ స్వాతంత్ర్యంతో పాటు, మా బాధ తీర్చమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కును కూడా ఇచ్చింది. ఆ అర్జీని సొంతంగా పట్టుకుపోవచ్చు, ఫీజిచ్చి ఇంకొకరితో పంపొచ్చు. ఫీజు తీసుకుని పట్టుకుపోయేవాడే లాబీయిస్టు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చునే డాక్యుమెంట్ రైటర్‌ను గుర్తు తెచ్చుకోండి: ఏ కాగితం, ఏ టేబుల్, ఏ రోజు అన్నది ఆయనకు తెలుసు, మనకు తెలియదు. వాషింగ్టన్‌లో అమ్ముడుపోయేది చాలావరకు ఆ తెలివిడే.

వర్గాలను నిషేధిస్తే స్వేచ్ఛే పోతుంది, అందుకని ఎన్నో వర్గాలను పుట్టనిచ్చి ఒకదాన్నొకటి అడ్డుకోనివ్వడమే మేలని జేమ్స్ మాడిసన్ 1787లోనే వాదించాడు. రాజ్యాంగం రాసినవాళ్లలో ముఖ్యుడాయన.

గీత ఎక్కడుందో చూస్తే కొంచెం నవ్వొస్తుంది. నమోదైన లాబీయిస్టు కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అక్కడి పార్లమెంటు) సభ్యుడికి భోజనం పెట్టించకూడదు. లాబీతో సంబంధం లేనివాళ్లిచ్చే బహుమతి కూడా 50 డాలర్ల లోపు ఉండాలి, ఒకరి నుంచి ఏడాదికి మొత్తం 100 డాలర్లు దాటకూడదు. అయితే విందులో నిలబడి పుల్లకు గుచ్చుకుని తినే చిరుతిండికి అనుమతి ఉంది. దీన్ని అక్కడివాళ్లే వెటకారంగా 'టూత్‌పిక్ రూలు' అంటారు. కుర్చీలో కూర్చుని ఫోర్కు పట్టుకుంటే తప్పు, నిలబడి పుల్ల పట్టుకుంటే ఒప్పు.

నవ్వు రాని సంగతి ఇంకొకటుంది. వర్జీనియా మాజీ గవర్నర్ బాబ్ మెక్‌డొనెల్ దంపతులు ఒక వ్యాపారి నుంచి 1,75,000 డాలర్లకు పైగా కానుకలు, అప్పులు తీసుకున్నారు. కింది కోర్టులో ఆయనకు శిక్ష పడింది. 2016లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని కొట్టేసింది. అధికారులతో సమావేశం ఏర్పాటు చేసినంత మాత్రాన అది లంచం కేసుకు కావాల్సిన 'అధికారిక చర్య' కాదన్నది తీర్పు సారం. లంచానికి ఇంత ఇరుకైన నిర్వచనం ఇస్తే బయట మిగిలే జాగా చాలా ఎక్కువని మా అభిప్రాయం.

ప్రశ్న: పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టులో కొన్నాళ్లకని ఎత్తేసిన్రు. అమెరికా పత్తి రైతులు మనకంటే ఎంతో తక్కువ మంది అంటరు. అంత కొద్దిమంది మాట అక్కడి సర్కారు ఎందుకు వింటది? లక్షలమందిమి ఉన్నా మా మాట ఎందుకు వినరు?
– పత్తి రైతు, చండూరు

జవాబు: కొద్దిమంది కాబట్టే వింటారు. తిక్క జవాబులా ఉన్నా ఈ శాస్త్రం మొత్తానికి మూలం అదే.

మిర్యాలగూడ చుట్టూ చూడండి. రైస్ మిల్లర్లంతా ఒక ఫంక్షన్ హాల్లో పడతారు. ధాన్యం కొనుగోలులో క్వింటాలుకు పది రూపాయల తేడా వస్తే ఒక్కో మిల్లుకు లక్షల్లో తగులుతుంది. అందుకని పిలిస్తే అందరూ వస్తారు, చందా అడిగితే ఇస్తారు, రానివాడెవడో అందరికీ తెలుస్తుంది. అదే పది రూపాయలు రైతుకు పోతే ఒక్కొక్కరికి పోయేది కొన్ని వందలు. దానికోసం పనులు వదులుకుని కలెక్టరేట్‌కు ఎవరు పోతారు? 'మిగతావాళ్లు పోతారులే, వస్తే నాకూ వస్తుంది' అనుకుంటారు. అందరూ అట్లే అనుకుంటే ఎవరూ పోరు. అమెరికా ఆర్థికవేత్త మాన్సర్ ఓల్సన్ 1965లో వివరించిన 'ఉచిత ప్రయాణికుడి' చిక్కు ఇదే. మందలో ఎంత ఎక్కువమంది ఉంటే సంఘం కట్టడం అంత కష్టం.

ఈ చిక్కును అక్కడి సంఘాలు విడదీసే పద్ధతి ఒకటుంది. పోరాట ఫలితం అందరిదీ, కానీ సభ్యుడికి మాత్రమే దక్కేది ఇంకేదో పెడతాయి. 1958లో పుట్టిన ఏఏఆర్‌పీ అనే పెద్దవాళ్ల సంఘంలో 50 ఏళ్లు నిండినవాళ్లు కోట్లలో చేరింది పెన్షన్ పోరాటం చూసే కాదు. కార్డు చూపిస్తే బీమాలో, హోటళ్లలో, ప్రయాణాల్లో రాయితీ వస్తుంది. ఫార్మ్ బ్యూరో అనే రైతు సంఘం కథ ఇంకా వింత. 1914లో వచ్చిన ఒక చట్టం ప్రతి కౌంటీకీ (మన జిల్లా లాంటిది) వ్యవసాయ సలహాదారును పంపే పని విస్తరింపజేసింది. ఆ సలహాదారు చుట్టూ రైతులు గుమిగూడారు, ఆ గుంపులన్నీ కలిసి 1919లో జాతీయ సమాఖ్య అయ్యాయి. సర్కారు పంపిన మనిషి చుట్టూ పుట్టిన సంఘం తర్వాత సర్కారునే ఒత్తిడి చేసింది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఆ బ్యూరో బీమా కావాలంటే ముందు సభ్యత్వం కట్టాలి.

పత్తికి వస్తే, 1938లో ఏర్పడిన నేషనల్ కాటన్ కౌన్సిల్ కేంద్రం టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్. పండించేవాళ్లు, జిన్నింగ్ మిల్లులు, గోదాములు, వ్యాపారులు, పత్తిగింజల వ్యాపారం, సహకార సంఘాలు, నూలు మిల్లులు, ఇట్లా ఏడు విభాగాలూ ఒకే కప్పు కింద ఉంటాయి. మన దగ్గర జిన్నింగ్ మిల్లుకూ రైతుకూ తేమ దగ్గర, తూకం దగ్గర రోజూ గొడవే కదా. అక్కడా ప్రయోజనాలు వేరే. కానీ ఆ కొట్లాట నాలుగు గోడల మధ్య ముగించుకుని, వాషింగ్టన్‌కు పోయేటప్పుడు ఒకే కాగితంతో పోతారు. కాంగ్రెస్ సభ్యుడికి అన్నిటికంటే ఇబ్బంది ఒకే పంట పేరు మీద రెండు గుంపులు వచ్చి ఎదురెదురు మాటలు చెప్పడం. ఆ ఇబ్బంది వీళ్లు పెట్టరు.

దీని ఫలితం ఎంత దూరం పోయిందో చూడండి. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి గెలిచింది. అమెరికా ఏం చేయాలి? సబ్సిడీ ఆపాలి. ఆపకుండా 2010లో ఒప్పందం చేసుకుని, ఏడాదికి 14.73 కోట్ల డాలర్ల లెక్కన బ్రెజిల్ పత్తి రైతుల సంస్థకు కట్టడం మొదలుపెట్టింది. తన రైతుల సబ్సిడీ కాపాడుకోవడానికి పరాయి దేశపు రైతులకు డబ్బిచ్చింది! 2014 వ్యవసాయ చట్టంలో పత్తిని ప్రధాన పథకాల నుంచి తప్పించి, అదే ఏడాది అక్టోబరులో మరో 30 కోట్ల డాలర్లతో బ్రెజిల్ కేసు ముగించారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 2018 ఫిబ్రవరిలో, బడ్జెట్ చట్టంలో ఒక మూలన పత్తి తిరిగొచ్చింది. ఈసారి పేరు 'సీడ్ కాటన్', అంటే గింజ తీయని పత్తి, మీరు మార్కెట్‌కు తెచ్చేదే. ముందున్నది గింజ తీసిన దూది పేరు మీద. పంట అదే, పద్దు మారింది.

ఆ సీడ్ కాటన్ ఆధార ధర పౌండుకు 36.7 సెంట్లుండేది. 2025 జులై చట్టంలో 42 సెంట్లు చేశారు. క్వింటాలుకు లెక్కేస్తే సుమారు 92.6 డాలర్లు, డాలరుకు 87 రూపాయలనుకుంటే 8,050 రూపాయల చిల్లర. 2025-26కు మన పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110. అంకెలు దాదాపు ఒకటే! తేడా చేతికొచ్చే తీరులో ఉంది. మీరు పత్తిని సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రానికి తీసుకుపోవాలి, తేమ 12 శాతం దాటితే తిప్పి పంపుతారు. అక్కడి రైతు సరుకు ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఏడాది సగటు ధర ఆధార ధర కంటే తగ్గితే, ఆ తేడాను అతని పాత రికార్డులోని ఎకరాల్లో 85 శాతానికి లెక్కగట్టి ప్రభుత్వమే ఇస్తుంది. ఇటువంటి వివరాలు రాయించడమే లాబీ అసలు పని. 'ధర పెంచండి' అని ఎవరైనా అడుగుతారు. 'ఏ ధరకు, ఏ ఎకరాలకు, ఎంత శాతం' అని వాక్యం రాసిచ్చేవాడిదే గెలుపు.

ఓట్ల సంగతీ చెప్పాలి. 435 మంది ప్రతినిధుల్లో పత్తి పండే నియోజకవర్గాలవాళ్లు ఏ మూలకూ చాలరు. అందుకే 1973 నుంచి పేదల ఆహార కూపన్లనూ పంట సబ్సిడీలనూ ఒకే చట్టంలో కట్టారు. నగరాల సభ్యులు కూపన్ల కోసం, పల్లెల సభ్యులు పంటల కోసం, ఒకరికొకరు ఓటేసుకునే ఏర్పాటు. 2025లో కూపన్ల ఖర్చు తగ్గిస్తూ పంట ధరలు పెంచడంతో ఆ పాత పొత్తు బీటలువారింది. నగరాల సభ్యులు రేపు వ్యవసాయ చట్టానికి ఎట్లా ఓటేస్తారన్నది అక్కడి రైతు సంఘాల ముందున్న పెద్ద బెంగ.

మన సుంకం మాటకొస్తే నింద మొత్తం వాషింగ్టన్ మీద వేయలేం. సుంకం తీసేయమని ఇక్కడి జౌళి మిల్లుల సంఘాలు కూడా గట్టిగానే అడిగాయి. వాళ్లూ కొద్దిమందే.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో హెచ్-1బి మీద ఉన్నాడు. మనవాళ్లెవరో ఎన్నికల్లో నిలబడితే చందా అడిగారట. ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, కోదాడ

జవాబు: ఇవ్వకూడదమ్మా. ఫెడరల్ (దేశస్థాయి) ఎన్నికలైనా, రాష్ట్రానివైనా, ఊరి స్కూలు బోర్డువైనా సరే, విదేశీయులు పైసా ఇవ్వరాదు. హెచ్-1బి, ఎఫ్-1 (విద్యార్థులది), హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానిది) వీసాలన్నీ విదేశీ లెక్కలోకే వస్తాయి. గ్రీన్ కార్డు వస్తే ఇవ్వొచ్చు, ఓటు మాత్రం ఉండదు. 'నా పేరు మీద నువ్వివ్వు, నీకు నేనిస్తా' అని పౌరుడైన మిత్రుడి ద్వారా ఇప్పించడం ఇంకా పెద్ద తప్పు. ఇచ్చినవాడూ పేరిచ్చినవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. కంపెనీ తర్వాత తిరిగిస్తామన్నా అదే నేరం.

ఇవ్వగలిగినవాళ్లకు 2025-26లో హద్దు ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 3,500 డాలర్లు. పార్టీలో అభ్యర్థిని ఎంచే ప్రైమరీ, అసలు ఎన్నిక రెండూ వేర్వేరు లెక్క కాబట్టి కలిపి 7,000. 200 డాలర్లు దాటితే పేరు, ఊరు, వృత్తి, యజమాని వివరాలు ఎన్నికల సంఘం సైటులో అందరికీ కనిపిస్తాయి. మీ అబ్బాయి జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా పనిచేయొచ్చు, సంఘంలో చేరొచ్చు, కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు పోయి గోడు చెప్పొచ్చు. అర్జీకి పౌరసత్వం అడ్డం కాదు.

ప్రశ్న: గ్రీన్ కార్డుల్లో దేశాల వారీ పరిమితి తీసేసే బిల్లు రెండు సభల్లోనూ గెలిచిందని అప్పట్లో చదివాం. మరి చట్టం ఎందుకు కాలేదు? అన్ని సంఘాలు, అంత మంది ఫోన్లు చేసి ఏం లాభం?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్

జవాబు: గెలిచిన మాట నిజమే, కానీ రెండు సభల్లో గెలిచినవి రెండు వేర్వేరు బిల్లులు. అక్కడే మునిగింది.

1990 చట్టం ప్రకారం ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000. ఏ దేశానికైనా 7 శాతమే మామూలు హద్దు. జనాభా లెక్క లేదు. భారత్‌కైనా ఐస్‌లాండ్‌కైనా అంతే. క్యూ దశాబ్దాలకు పెరిగింది. దాంతో క్యూలో ఉన్నవాళ్లే సంఘం కట్టారు. ఇందాకటి ఓల్సన్ లెక్క ఇక్కడా సరిపోతుంది: ఒక్కొక్కడికీ పోయేది జీవితకాలం, కాబట్టి చందా ఇచ్చారు, సెలవు పెట్టి వాషింగ్టన్ వచ్చారు.

2011లో ప్రతినిధుల సభ ఆ బిల్లును 389–15 ఓట్లతో ఆమోదించింది. సెనేట్‌లో చక్ గ్రాస్లీ అభ్యంతరం దగ్గర ఆగింది. 2019 జులై 10న మళ్లీ 365–65తో నెగ్గింది. రెండుసార్లూ వాడింది ఒకే దారి: సవరణలు లేకుండా, 40 నిమిషాల చర్చతో, మూడింట రెండు వంతుల మద్దతుతో వేగంగా ముగించే పద్ధతి. సెనేట్‌కు పోతే ఆట మారుతుంది. అక్కడ వేగంగా పోవాలంటే 100 మందిలో ఒక్కరూ కాదనకూడదు. ఒకరు 'హోల్డ్' పెడితే చర్చ ముగించడానికి 60 ఓట్లు, రోజులకు రోజుల సభా సమయం కావాలి. ఇటువంటి బిల్లుకు అంత సమయం నాయకులివ్వరు.

ఎవరు ఆపారు? నర్సుల కొరత వస్తుందన్న వాదనతో సెనేటర్ రాండ్ పాల్ ఆపారు. నర్సులకు కొంత వాటా పెట్టాక వదిలారు. మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా క్యూ మారిస్తే మిగతా దేశాలవాళ్లు నష్టపోతారని డిక్ డర్బిన్ ఆపారు. ఆయన కోరిన షరతులు చేరాయి. చైనా కమ్యూనిస్టు పార్టీ సభ్యుల గురించి రిక్ స్కాట్ మరో షరతు చేర్చారు. అన్నీ చేరాక 2020 డిసెంబరు 2న సెనేట్ ఒప్పుకుంది. అప్పటికి బిల్లు 2019 నాటిది కాదు. రెండింటినీ కలపడానికి మిగిలింది నెల రోజులు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, ముగియగానే పెండింగ్ బిల్లులన్నీ రద్దయ్యాయి. మళ్లీ మొదట్నుంచి. 2022 డిసెంబరులో ఇంకో పేరుతో ప్రతినిధుల సభ దాకా వచ్చి, ఓటింగ్ జరగకుండానే వెనక్కి పోయింది.

వాషింగ్టన్‌లో ఒక పని చేయించడానికి పది తలుపులు తెరుచుకోవాలి, ఆపడానికి ఒక్కటి మూసుకుంటే చాలు. అక్కడి బలమైన సంఘాల పేరుప్రఖ్యాతుల్లో సగం అవి చేయించిన చట్టాలవి కావు, ఆపినవాటివి.

ఫోన్ల లాభం గురించి. లాభముంది, పద్ధతి ఉంటేనే. ఆఫీసులో ఫోనెత్తేవాడు మొదట అడిగేది మీ పిన్‌కోడ్. ఆ నియోజకవర్గం కాకపోతే లెక్కలో వేయడు. 'లాబీ డే' రోజు సంఘం సభ్యుల్ని నియోజకవర్గాల వారీగా విడగొట్టి పంపుతారు. దొరికేది 15 నుంచి 30 నిమిషాలు. సభ్యుడు కలవడం అరుదు, ఎక్కువసార్లు కూర్చునేది పాతికేళ్ల సహాయకుడు. చిన్నవాడని చిన్నబుచ్చుకునేవాళ్లు ఆ తప్పుతోనే పని చెడగొట్టుకుంటారు, ఎందుకంటే సభ్యుడి టేబుల్ మీదికి పోయే నోటు రాసేది ఆ కుర్రాడే. చేతిలో పెట్టేది ఒకే పేజీ: బిల్లు నంబరు, ఈ నియోజకవర్గంలో ఎంతమందికి సంబంధం, అడిగేది ఏమిటి. 'మా బాధ అర్థం చేసుకోండి' అన్నది అడగడం కాదు. 'ఈ నంబరు బిల్లుకు సహ ప్రతిపాదకుడిగా సంతకం చేయండి' అన్నది అడగడం. రెండు రోజుల్లో ధన్యవాదాల మెయిల్, దాంతో పాటే వాళ్లడిగిన లెక్క. పోస్టులో ఉత్తరాలు వద్దు. 2001 ఆంత్రాక్స్ దాడుల తర్వాత కాంగ్రెస్‌కు వచ్చే తపాలాను శుద్ధి చేసి పంపుతారు, ఓటింగ్ అయిపోయాక చేరొచ్చు.

చట్టసభ ఒక్కటే దారి కాదని కూడా గుర్తుంచుకోండి. హెచ్-4 భార్యాభర్తల పని అనుమతి కాంగ్రెస్ ఇచ్చింది కాదు, 2015 మే 26న అమల్లోకి వచ్చిన శాఖాపరమైన నిబంధన. 1946 నాటి పరిపాలన చట్టం ప్రకారం ఇటువంటి నిబంధనను ముందు ముసాయిదాగా ప్రకటించి జనాభిప్రాయం అడగాలి, సాధారణంగా 30 నుంచి 60 రోజులు. వెయ్యి మంది ఒకే వాక్యం కాపీ చేసి పంపితే దాన్ని ఒక అభిప్రాయంగానే చూస్తారు. ఒక్కరు లెక్కలతో, కొత్త అంశంతో రాస్తే శాఖ దానికి జవాబు చెప్పి తీరాలి, చెప్పకపోతే కోర్టులో నిబంధన నిలవదు. ఆ నిబంధన మీద సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే ఎదుటి పక్షం 2015లోనే కేసు వేసింది. రద్దు ప్రతిపాదన ట్రంప్ మొదటి పాలనలో మొదలై, 2021 జనవరిలో బైడెన్ రాగానే ఉపసంహరణకు గురైంది. 2024 ఆగస్టు 2న అప్పీలు కోర్టు నిబంధనను సమర్థించింది. ఒక కాగితం చుట్టూ మూడు ప్రభుత్వాలు, తొమ్మిదేళ్ల కేసు.

ప్రశ్న: అక్కడ పది మంది కలిసి ఇటువంటి బృందం పెట్టాలంటే నిజంగా ఏమేం చేయాలి? మా ప్రాజెక్టు రిపోర్టు కోసం.
– డిగ్రీ విద్యార్థిని, వనపర్తి

జవాబు: పది మంది కలిసి అర్జీ పెట్టడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. డబ్బు చేతులు మారడంతోనే కాగితాలు మొదలవుతాయి. ముందు రాష్ట్రంలో సంస్థగా నమోదై, నియమావళి రాసుకుని, పన్ను శాఖ నుంచి ఒక గుర్తింపు సంఖ్య తెచ్చుకుని బ్యాంకు ఖాతా తెరుస్తారు. తర్వాత అసలు నిర్ణయం: పన్ను చట్టంలో ఏ గదిలో కూర్చోవాలి?

501(సి)(3) సేవాసంస్థల గది. చందా ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది. దానికి బదులుగా అభ్యర్థుల తరఫున ప్రచారం పూర్తిగా నిషేధం. ఇది 1954 నుంచి ఉంది. లాబీయింగ్ కొద్దిగా చేయొచ్చు. 'కొద్దిగా' అంటే ఎంతో తేలక చాలామంది భయపడి మానేస్తారు, కానీ 5768 అనే చిన్న ఫారం పెడితే అంకె వస్తుంది: ఖర్చులో మొదటి 5,00,000 డాలర్లకు 20 శాతం, ఆపైన తగ్గుతూ, ఎంత పెద్ద సంస్థకైనా 10 లక్షల డాలర్ల గరిష్ఠం. జనాన్ని రెచ్చగొట్టి ఫోన్లు చేయించే ప్రచారానికి అందులో నాలుగో వంతే. ఆ ఫారం ఉచితం. ఏడాది ఆదాయం 50,000 డాలర్లకు లోపు ఉండే చిన్న సంస్థకు (సి)(3) గుర్తింపు దరఖాస్తు ఫీజు 275, పెద్దవాటికి 600 డాలర్లు.

501(సి)(4) ప్రజాహిత సంఘాలది. లాబీయింగ్‌కు హద్దు లేదు, చందాకు పన్ను మినహాయింపు లేదు. పుట్టిన 60 రోజుల్లో 50 డాలర్లు కట్టి పన్ను శాఖకు తెలియజేయాలి. (సి)(5)లో కార్మిక, వ్యవసాయ సంఘాలు, (సి)(6)లో వ్యాపార సంఘాలు. పెద్ద బృందాలు ఒక గదితో ఆగవు. పరిశోధన, సదస్సులు (సి)(3)లో, పోరాటం (సి)(4)లో, ఎన్నికల చందాలు ప్యాక్ అనే కమిటీలో (దాని సంగతి తర్వాతి జవాబులో). మూడింటికీ వేర్వేరు ఖాతాలు, ఒకే మేడ.

జీతమిచ్చి లాబీయిస్టును పెట్టుకుంటే 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం వర్తిస్తుంది. ఒకటి కంటే ఎక్కువసార్లు అధికారులను కలిసి, ఆ క్లయింటుకు మూడు నెలల్లో చేసే పనిలో 20 శాతమైనా లాబీయింగ్ అయితే అతను లాబీయిస్టు. 2025 నుంచి బయటి సంస్థకు మూడు నెలల ఆదాయం 3,500 డాలర్లు, సొంత ఉద్యోగులున్న సంఘానికి ఖర్చు 16,000 డాలర్లు దాటితే 45 రోజుల్లో నమోదు కావాలి. తర్వాత మూడు నెలలకోసారి, త్రైమాసికం ముగిసిన 20 రోజుల్లో నివేదిక. తప్పిస్తే జరిమానా 2,00,000 డాలర్ల దాకా పోవచ్చు, కావాలని చేస్తే జైలు. కన్నం ఎక్కడుందో ఈపాటికి మీకే కనబడి ఉంటుంది: 19 శాతం పనిచేసి 'సలహాదారు' అని బోర్డు పెట్టుకున్నవాళ్లు నమోదు కారు. మాజీ సెనేటర్లు రెండేళ్లు, మాజీ ప్రతినిధులు ఏడాది పాటు పాత సహచరుల్ని లాబీ చేయకూడదన్న నిషేధాన్ని చాలామంది గడిపేది ఆ బోర్డు వెనకే.

ఎక్కడ చెడుతుందో కూడా రిపోర్టులో రాయండి. మొదటి ఏడాది ఉత్సాహంతో వచ్చిన చందాలు రెండో ఏడాది రావు. ఒక బిల్లుతో మొదలై ఆరు బిల్లుల వెంట పడతారు. (సి)(3) సంస్థ ఫేస్‌బుక్ పేజీలో ఎవరో అత్యుత్సాహంతో అభ్యర్థికి జై కొడతారు, ఫిర్యాదు పోతుంది. ప్రమాదం నుంచి పుట్టిన బృందానికి మొదట్లో ఊపు ఎక్కువ: తాగి నడిపేవాళ్ల బారిన పడి పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు 1980లో కట్టిన సంఘం నాలుగేళ్లకే, 1984లో, తాగే వయసును 21కి పెంచని రాష్ట్రాలకు రహదారి నిధులు కోసే చట్టం తెచ్చింది. ఒక కోరిక, ఒక అంకె, ఒక బిగింపు. నల్లమల యురేనియం మీద 2019 సెప్టెంబరులో మన శాసనసభ తీర్మానం చేసిన తీరుతో పోల్చి చూస్తే మీ రిపోర్టుకు మంచి అధ్యాయం అవుతుంది.

ప్రశ్న: 'సూపర్ ప్యాక్' అంటే ఏమిటి? మామూలు ప్యాక్‌కూ దానికీ తేడా?
– పాఠకుడు, దేవరకొండ

జవాబు: కంపెనీలు అభ్యర్థులకు నేరుగా డబ్బివ్వడం 1907 నుంచి, కార్మిక సంఘాలివ్వడం 1947 నుంచి శాశ్వతంగా నిషేధం. దానికి కనిపెట్టిన దారి ప్యాక్: ఉద్యోగులో సభ్యులో ఇష్టపూర్వకంగా ఏడాదికి 5,000 డాలర్ల లోపు వేసిన హుండీ. అర్హత పొందిన ప్యాక్ ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 5,000 ఇవ్వగలదు. ఆ అర్హతకు ఆరు నెలల నమోదు, 50 మందికి మించిన దాతలు, ఐదుగురు అభ్యర్థులకు చందా ఉండాలి.

2010 జనవరి 21న సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో, అభ్యర్థితో కుమ్మక్కు లేకుండా కంపెనీలు స్వతంత్రంగా చేసే ప్రచార ఖర్చుకు హద్దు పెట్టలేమంది. రెండు నెలలకే అప్పీలు కోర్టు అటువంటి ఖర్చు మాత్రమే చేసే కమిటీలకిచ్చే చందాలకూ హద్దు తీసేసింది. అదే సూపర్ ప్యాక్. అభ్యర్థికి రూపాయి ఇవ్వదు, అతని పేరుతో కోట్లు ఖర్చు పెడుతుంది. 2024లో ఎలాన్ మస్క్ ఒక్కరే 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టారు. సూపర్ ప్యాక్ దాతల పేర్లు చెప్పాలి. కానీ దాత ఒక (సి)(4) సంస్థ అయితే ఆ సంస్థకు ఎవరిచ్చారో బయటికి రాదు. మన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది ఇటువంటి చీకటి గురించే.

ప్రశ్న: మన ప్రభుత్వం కూడా అక్కడ లాబీయిస్టుల్ని పెట్టుకుంటుందా? ఆ కాగితాలు మనం చూడొచ్చా?
– పాఠకుడు, గద్వాల

జవాబు: పెట్టుకుంటుంది, అన్ని దేశాల్లాగే. విదేశీ ప్రభుత్వాల తరఫున పనిచేసేవాళ్లకు 1938 నుంచి వేరే చట్టం ఉంది, ఫారా అంటారు. ఒప్పుకున్న పది రోజుల్లో న్యాయశాఖలో నమోదు కావాలి, ఒప్పందం నకలు, ఫీజు అక్కడ పెట్టాలి. భారత రాయబార కార్యాలయం చేసుకున్న ఒప్పందాలూ అందులో ఉన్నాయి.

కంపెనీల కాగితాలు సెనేట్, ప్రతినిధుల సభ సైట్లలో, ఎన్నికల చందాలు ఫెడరల్ ఎన్నికల సంఘం సైటులో ఉంటాయి. అన్నీ ఉచితం, గద్వాలలో ఫోన్లోనూ తెరుచుకుంటాయి. 2012 డిసెంబరులో మన పార్లమెంటు దద్దరిల్లింది అటువంటి కాగితంతోనే: భారత మార్కెట్ ప్రవేశం సహా పలు అంశాలపై 2008 నుంచి దాదాపు 2.5 కోట్ల డాలర్లు లాబీయింగ్‌కు ఖర్చు చేసినట్టు వాల్‌మార్ట్ నివేదికల్లో ఉంది. విచారణకు జస్టిస్ ముకుల్ ముద్గల్ కమిటీ వేశారు. మన దేశంలో లాబీయింగ్‌కు ప్రత్యేక చట్టం లేదు కాబట్టి ఇక్కడ వెతికినా దొరికే కాగితం కాదది.

వెతికేటప్పుడు ఒకటి చూసుకోండి. కంపెనీల త్రైమాసిక నివేదికలో బిల్లు నంబరు, ఏ సభ, ఏ శాఖ, మొత్తం ఎంత అన్నవే ఉంటాయి. ఏ సభ్యుణ్ని కలిశారో ఉండదు. ఫారాలో ఆరు నెలలకోసారి ఇచ్చే అనుబంధ పత్రంలో ఎవరితో, ఏ తేదీన, ఫోనా మెయిలా నేరుగానా అన్నది వరుసగా ఉంటుంది. ముందు ఆ పత్రం తెరవండి, చివరి పేజీల నుంచి చదవండి.